శ్రీనాథ కవిసార్వభౌముని స్మృతిపద్యములు

గడచిన కాలమును దలఁచుకొని పాడుట మానవునకు సహజము. పెండ్లిపందిటిలోని పాటయందును, తిరునాళ్లలోని వీరగాథయందును, ముదుసలి యరుగుమీఁదఁ గూర్చుండి తనలోఁ దాను చదివికొను పద్యమందును ఈ తలఁపే పలుకుచుండును. తెలుఁగునాఁట నిట్టి స్మృతిగానములలో మిన్నయైనవి యేవి యని మమ్మెవరైన నడిగినచో, కవిసార్వభౌముఁడైన శ్రీనాథుని పేర వాడుకలోనున్న మూఁడు చాటుపద్యములని చెప్పుదుము. ఒకటి పరరాజసభలోఁ బ్రవేశించుతఱి సరస్వతీదేవిని సంబోధించి చెప్పినది. రెండవది సంకెలలలో నుండి చెప్పినది. మూఁడవది మరణమునకు ముందు చెప్పినది. చదువరులలోఁ బెక్కండ్రకు నవి కంఠస్థములే గనుక వాని నిట వ్రాయము. ఆ పద్యముల వెనుక నున్న జీవిత మెట్టిదో, ఆ జీవితమునుండి యే మనుష్యులు, ఏ వస్తువులు వానిలోనికి వచ్చి నిలిచినవో, ఆ సంగతిని మాత్ర మీ సంచికాముఖమున మనవి చేయఁదలఁచితిమి.

శ్రీనాథుఁడు క్రీ. శ. 14వ శతాబ్ది యుత్తరార్ధమున జన్మించెను. తండ్రి మారయ, తల్లి భీమాంబ. పితామహుఁడు కమలనాభామాత్యుఁడు సముద్రతీరమందలి కాల్పట్టణమునకుఁ బ్రభువై, పద్మపురాణసంగ్రహమును రచించిన విద్వత్కవి. తన కులమునకుఁ గవిత్వ మెక్కడనుండి వచ్చినదో శ్రీనాథుఁడు మఱవలేదు. దొరయుఁ గవియునైన తాతను భీమఖండమున సగర్వముగా స్మరించినాఁడు. తాత రచించిన గ్రంథము నేఁడు మనకుఁ జిక్కలేదు. మనుమఁడు తలఁచినందుననే యా పేరు మన కందినది.

తన కవితాజీవితమును సైత మాతఁడు వయఃక్రమమునఁ దలఁచుకొన్న తీరు గమనింపఁదగినది. బాల్యమున మరుత్తరాట్చరిత్రమును, తొలియౌవనమున శాలివాహనసప్తశతిని, నిండుయౌవనమున శృంగారనైషధమును, ప్రౌఢవయసున భీమఖండమును రచించితిననియు, వయసు మిగుల వాలకమునుపే కాశీఖండమునకుఁ బూనుకొంటిననియుఁ గాశీఖండావతారికయందుఁ జెప్పికొన్నాఁడు. ఒక్కొక్క గ్రంథమున కొక్కొక్క వయస్సు జతపడినది. ఇందు మొదటి రెండును లుప్తములైనవి. సప్తశతినుండి యొకటి రెండు పద్యములు మాత్రమే యుదాహృతములై మిగిలినవి. కవి తన గతమును దలఁచుకొననిచో, పసిప్రాయమున మరుత్తుని కథ వ్రాసిన బాలుఁ డొకఁడుండెనని మన మెఱుఁగుట యెట్లు? వార్ధకమునఁ దలఁచుకొనుటయే యా బాల్యమునకు మిగిలిన సాక్ష్యము.

ఇఁక కొండవీటి మాట. కాకతీయసామ్రాజ్యము కూలిన పిదప ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతమున అద్దంకిలో రాజ్యము నెలకొల్పెను. ఆయన సభయందే ప్రబంధపరమేశ్వరుఁడైన యెఱ్ఱాప్రెగ్గడ వెలసెను. అనవోతారెడ్డి కాలమున రాజధాని కొండవీటికి మాఱెను. 1424 వఱకు, ఇంచుమించు నూఱేండ్లు, ఆ వంశమువారు పూర్వతీరమును బాలించిరి. 1402 నుండి 1420 వఱకు రాజ్యము చేసిన పెదకోమటి వేమారెడ్డి స్వయముగా సంస్కృతపండితుఁడు, గ్రంథకర్త. అట్టి ప్రభువునొద్ద శ్రీనాథుఁడు విద్యాధికారిగా నుండెను. రాజుగారి దానశాసనములకు శ్లోకములు రచించుట యా యుద్యోగధర్మములలో నొకటి. ఫిరంగిపురపు శిలాశాసనమున విద్యాధికారి శ్రీనాథుని పేరు నేఁటికిని జదువఁగలము. తాళపత్రములు చెదలు పట్టినను, రాతిమీఁది పేరు చెడలేదు.

కొండవీటిలో నుండఁగానే హర్షమిశ్రుని నైషధీయచరితము నాంధ్రీకరించి, పెదకోమటి వేముని మంత్రియైన మామిడి సింగనకుఁ గృతి యిచ్చెను. సంస్కృతమున నిరువదిరెండు సర్గములుగా నున్న యా కావ్యము తెలుఁగున నెనిమిది యాశ్వాసములయ్యెను. పండితులకే కొఱుకుడుపడని గ్రంథమును దెలుఁగుపలుకుబడిలోనికి దెచ్చిన యీ కార్యమే యాతనికి జీవితాంతమువఱకు గర్వకారణమైనది. ముందు మేము చెప్పఁబోవు పద్యములలో రెంటియందు నైషధము పేరు వచ్చుటయే యిందుకు నిదర్శనము.

కొండవీటి వైభవమున మఱియొక భాగము సుగంధద్రవ్యములు. పెదకోమటి వేమునికిఁ బూర్వుఁడైన కుమారగిరిరెడ్డి యేఁటేఁట వసంతోత్సవములు నడిపి వసంతరాయఁడను బిరుదమును బొందెను. ఆ యుత్సవములకుఁ గావలసిన కర్పూరమును, కస్తూరిని, చందనమును సమకూర్చిన వర్తకులు అవచివారు. వారిలోఁ దిప్పయసెట్టి శ్రీనాథునికి బాల్యసఖుఁడు. హరవిలాసమును శ్రీనాథుఁ డాతనికే యంకితము చేసెను. ఆ గ్రంథావతారికయందు, ఏ ద్వీపమునుండి కర్పూరము, ఎక్కడనుండి యేనుఁగులు, ఏ రేవునుండి గుఱ్ఱములు వచ్చుచుండెనో యా యోడవర్తకమంతయు వర్ణించినాఁడు. ఆ కాలపు సముద్రవాణిజ్యమునుగూర్చి వ్రాయు చరిత్రకారులందఱును ఆ పద్యము నాశ్రయింతురు. ఒక స్నేహితుని మేలు దలఁచికొనుటకై చెప్పిన పద్యము దేశచరిత్రమునకు ఆధారమైనది.

పెదకోమటి వేముఁడు 1420లో గతించెను. ఆయన తరువాత వచ్చిన రాచవేమారెడ్డి పాలన నాలుగేండ్లు మించి సాగలేదు. కొండవీడు పోయెను. విద్యాధికారి పదవియుఁ బోయెను. నడివయసు దాఁటిన మహాకవి మరల దారి పట్టవలసివచ్చెను.

ఆ దారి యాతనిని విజయనగరమునకుఁ గొనిపోయెను. అప్పుడచ్చట 1424 మొదలు 1446 వఱకు నేలిన ప్రౌఢదేవరాయలు ప్రభువు. కన్నడరాజధానిలో నాదరము వెంటనే దొరకలేదని చాటువులవలనఁ దెలియుచున్నది. ఆ సభామర్యాదకొఱకుఁ దలపైఁ గుల్లాయి పెట్టుకొని, నిలువుటంగీ తొడిగికొని, తన కలవాటులేని వెల్లుల్లిని, నువ్వులపిండిని దిని, మజ్జిగయంబలి త్రావి, యింత చేసినను దయరాదా తల్లీ యని కన్నడరాజ్యలక్ష్మితో మొఱవెట్టుకొన్న భావముగల పద్య మొకటి వాడుకలో నున్నది. వినువారు నవ్వుదురు. ఐనను, పరదేశమునఁ గడుపునిండఁ దినియుఁ దన యింటిమెతుకునకై బెంగపడినవాని కా పద్యములోని బాధ తెలియును. నేఁడు దూరదేశములలో నుద్యోగములు చేయుచున్న మన పిల్లలకు దీనిని వివరింపఁ బనిలేదు.

తుదకు జయము గలిగెను. ఆస్థానకవియైన గౌడడిండిమభట్టును శ్రీనాథుఁడు వాదమున నోడించెననియు, నాతని కంచుఢక్కను బగులఁగొట్టించెననియు, చంద్రశేఖర క్రియాశక్తి సమక్షమునఁ గవిసార్వభౌమ బిరుదమును బొందెననియు, ముత్యాలశాలలో దీనారములతోను టంకములతోను గనకాభిషేకము జరిగెననియుఁ బరంపర చెప్పుచున్నది. తెలుఁగుకవి కింతకు మించిన గౌరవము మఱియొకటి చరిత్రమునఁ గానరాదు. ఈ టంకములను జదువరులు గుఱుతునం దుంచుకొనవలయును; వీనితో మరల మనకుఁ బనియున్నది.

ఈ విజయమునకుఁ దరువాతిదే మొదటి స్మృతిపద్యము. శ్రీనాథుఁడు రాచకొండ వెలమప్రభువైన రావు సింగభూపాలుని సభకుఁ బోయెను. కొండవీటి రెడ్లకును రాచకొండ వెలమలకును దరతరముల వైరము. శత్రురాజుల కొలువున నుండిన కవికి ఆ వాకిట నెట్టి స్వాగతము లభించునో యెవరు చెప్పఁగలరు? అప్పుడు శారదాంబను సంబోధించి, ముత్యాలశాలలోని కనకస్నానమును, నైషధరచనమునకుఁ దోడుపడిన పలుకును, డిండిమునిఢక్కను, సార్వభౌమబిరుదమును వరుసగాఁ జెప్పి, ఇవన్నియుఁ జేయించిన తల్లివి, ఈ సభలో నన్నెట్లు మెప్పింతువో యని యడిగినాఁడు. గడచినదానిని దలఁచుట యిక్కడ దుఃఖమునకుఁ గాదు, ధైర్యమునకు. పరీక్షకుఁ బోవు విద్యార్థి మునుపు గెలిచిన పరీక్షలను మనస్సులో లెక్కించుకొన్నట్లు, శ్రీనాథుఁడు తన జయములను లెక్కించుకొన్నాఁడు. అందు తనను కర్తగాఁ జెప్పికొనక, జయములనన్నింటిని దేవికి సమర్పించుట పద్యమునకు సౌమ్యత నిచ్చినది.

రాజమహేంద్రవరపు రెడ్డిరాజ్య మాతనికి రెండవ పుట్టినిల్లయ్యెను. అచ్చట మంత్రియైన బెండపూఁడి అన్నయకు భీమేశ్వరపురాణమును గృతి యిచ్చెను. దానినే భీమఖండమందురు. దాక్షారామ భీమేశ్వరుని మహిమయు, గోదావరీమండలముయొక్క సౌభాగ్యమును అందు నాఱాశ్వాసములలో వర్ణితములు. అనంతరము వీరభద్రారెడ్డికిఁ గాశీఖండము నంకితము చేసెను. స్కాందపురాణమందలి నూఱధ్యాయముల భాగ మేడాశ్వాసముల తెలుఁగుకావ్యమైనది.

ఈ రెండు గ్రంథములలోను మా విషయమునకుఁ జెందిన సంగతి యొకటి కలదు. వింధ్యగర్వము నణఁచుటకై యగస్త్యుఁడు కాశిని విడిచి దక్షిణమునకు రావలసివచ్చును. ఆఁకలికోపమునఁ గాశీవాసులను శపింపఁబూనినందుకు వ్యాసుఁడు కాశినుండి వెడలఁగొట్టఁబడును. ఇరువురును మహర్షులే, జ్ఞానమునకుఁ గొఱఁతలేదు. ఐనను విడిచివచ్చిన పట్టణమును దలఁచికొని వారు పడిన పరితాపమును శ్రీనాథుఁడు వర్ణించిన తీరు చూచితిమా, మూలమును దెలుఁగు చేయుచున్నాఁడని తోఁపదు; కొండవీటిని విడిచివచ్చినవాఁడు పలుకుచున్నాఁడని తోఁచును. మేము పాఠశాలలో వ్యాసుని భిక్షాఘట్టమును బెక్కేండ్లు బోధించితిమి. ఆఁకలిగొన్నవాఁడు శాపమునకుఁ బూనుటను బిల్లలు తేలికగా గ్రహించెడివారు. ఊరు విడిచినవాఁడు వెనుదిరిగి చూచుటను గ్రహించుటకు వారికి వయసు చాలదు. తరువాతి కాలమున నుద్యోగములలోఁ జేరి యూళ్లు మాఱిన పూర్వవిద్యార్థులు కొందఱు మాతో నా ఘట్టమునే ప్రస్తావించుట కలదు.

ద్విపదలోని పల్నాటివీరచరిత్రము శ్రీనాథుని పేరనే ప్రసిద్ధము. అది మాచెర్ల చెన్నకేశవస్వామి కంకితము. 12వ శతాబ్ది చివరిభాగమునఁ గారెంపూఁడికడ నాగులేటియొడ్డున జరిగిన దాయాదియుద్ధ మందు వస్తువు. అప్పటికి రెండు నూఱులయేండ్లకుఁ బైగా నా కథను బల్నాటివారు పాడుచునే యుండిరి. చిత్రమేమనఁగా, పల్నాటి రాళ్లను, జొన్నకూటిని, నీటికఱవును బరిహసించిన చాటువులు కూడ నీ కవి పేరనే చెల్లుచున్నవి. దారిలో నలసినపుడు పరిహసించినాఁడు. గుడిముందుఁ గూర్చుండి యా నేలమీఁద రాలిన వీరుల పాట విన్నపుడు గ్రంథమునకుఁ బూనుకొన్నాఁడు. కారెంపూఁడిలోఁ గార్తికామావాస్యకు మొదలగు వీరుల యుత్సవము నేఁటికిని నడచుచున్నది. వీరవిద్యావంతు లా కథను బాడుచునే యున్నారు. పరుల గతమును బాటగాఁ గట్టిన కవికిఁ దన గతమును బద్యముగాఁ గట్టవలసిన దినము దూరమున లేదు.

15వ శతాబ్ది నడిమిభాగమున నీ దేశపుఁ దలవ్రాఁత మాఱెను. కటకమునుండి వచ్చిన గజపతులు రాజమహేంద్రవరరాజ్యము నాక్రమించిరి. 1454 నాఁటికిఁ గొండవీడును వారి వశమయ్యెను. కొలువులు లేవు, కొలువుతీర్చు రాజులు లేరు. వృద్ధుఁడైన శ్రీనాథుఁడు కృష్ణాతీరమందలి బొడ్డుపల్లెలో నేలను గుత్తకుఁ దీసికొని సేద్యమునకు దిగెను. వరద వచ్చి పంటను గొనిపోయెను. మిగిలిన నువ్వులను బెసలను బిట్టలు తినిపోయెను. గుత్తధనము చెల్లింపవలసిన గడువు వచ్చెను. చేత ధనము లేదు. అధికారు లాతనిని దండనకుఁ బాలుచేసిరి.

రెండవ స్మృతిపద్య మీ సందర్భమునఁ బుట్టినది. మెడకుఁ బొగడదండ తగిలించి వీధిలో నెదురెండకు నిలిపిరి. నగరివాకిట నుండు నల్లగుండును భుజమున కెత్తిరి. కాళ్లకు సంకెలలు, ముంజేతికి వెదురుకట్టు. పొగడదండ యనఁగాఁ బొగడపూలమాలయు నగును. బాకీదారుల మెడకుఁ దగిలించు శిక్షాసాధనమును నగును. సభలలో మాలలు పడిన మెడకు ఈ మాల పడినది. ఆ పద్యపు నిర్మాణమును గమనింపుఁడు. మెడ యనలేదు, కవిరాజు మెడ యన్నాఁడు. భుజ మనలేదు, సార్వభౌముని భుజ మన్నాఁడు. పాదములు నైషధకర్తవి, చేయి వీరభద్రారెడ్డి పండితునిది. ఒక్కొక్క యవయవమునకు నొక్కొక్క పూర్వవైభవమును బేరుగా నుంచి, దానిప్రక్కనే నేఁటి శిక్షను నిలిపినాఁడు. ఆ శిక్షలను సైతము, మాల కౌఁగిలించుకొన్నట్లును, వెదురు వియ్యమందినట్లును, ఆదరపుమాటలతోనే వర్ణించినాఁడు. అధికారికిఁ గనఁబడినది బాకీపడిన ముసలి రైతు. ఆ నిలుచున్నవాఁ డెవఁడో కవి యొక్కఁడే యెఱుఁగును. ఆ యెఱుకను విడువకుండుటయే యీ పద్యము. మొదటి పద్యమున ధైర్యమైన స్మృతి యిక్కడ నాత్మగౌరవమైనది.

పద్యాంతమున బాకీ మొత్తము చెప్పఁబడినది: టంకము లేడునూఱులు. మా తరగతిలో, పిట్టలు నువ్వులు తిన్న మాటకుఁ బిల్లలు ఫక్కున నవ్వెడివారు. మొత్తము వినఁగానే యూరకుండెడివారు. టంకములతో స్నానము చేసినవాఁడు టంకములకై యెండలో నిలిచినాఁడు. ఆ నాణెము పేరు రెండు పద్యములలోను వచ్చుటచేత ఆ రెండు దినములకును గల దూర మెంతయో శ్రోత తానే కొలుచుకొనును. కవి విడిగా వివరింపలేదు. వివరింప నక్కఱయు లేదు.

మూఁడవది చరమపద్యము. ఇందుఁ దన వైభవము పేరుకైన లేదు. ఉన్నవారందఱు నితరులు, వారును గతించినవారు. వీరారెడ్డి కాశీవిశ్వేశ్వరునిఁ గలసెను. రత్నాంబరము లిచ్చువా రెవరు? తెలుంగురాయఁడు స్వర్గమునకేఁగెను, కస్తూరికై యెవరిని స్తుతింపవలయును? విస్సన్నమంత్రి లేఁడు, బంగారుపళ్లెములో భోజన మెవరి పంక్తిని దొరకును? మైలారు ప్రభువు కైలాసముఁ జేరెను. దినవెచ్చము నెవరు గడపుదురు? భాస్కరుఁడు వారికంటె ముందే దేవుని సన్నిధికిఁ బోయెను. ఇఁక నీ కలియుగమున నుండుట కష్టమని, దేవలోకకవికి గుండె యదరునట్లు, శ్రీనాథుఁ డమరపురికిఁ బోవుచున్నాఁడు. ఇదియే యా పద్యతాత్పర్యము.

ఈ పద్యమును భోగిజనుని విలాపమని కొందఱు తేలికగాఁ దీసివేయుదురు. పోతనామాత్యునితోఁ బోల్చి, ఒకఁడు హాలికుఁడు, మఱియొకఁడు రాజాశ్రయలోలుఁడని చెప్పుట వాడుక. ఇరువురు బావమఱఁదులనెడి కథలకుఁ బ్రమాణము లేదు. అది యటుండ, శ్రీనాథుఁడు కోరినవి పట్టుబట్టలు, కస్తూరి, బంగారుపళ్లెము కావచ్చును. మే మడుగున దొకటే: వానిని దలఁచుకొన్నపు డాతఁ డేమి చేసినాఁడు? వస్తువును జెప్పి యూరకుండలేదు. వస్తువున కొక్కొక్క పేరు జోడించినాఁడు. వస్త్రము వీరారెడ్డిది, పరిమళము తెలుంగురాయనిది, పంక్తి విస్సన్నది. అన్నిటికంటె మమ్ముఁ గదల్చినది దినవెచ్చము. రత్నాంబరము నిచ్చినవానిని బదుగురు తలఁతురు. నిత్యము నుప్పుపప్పులకుఁ గొఱఁత లేకుండఁ జూచినవానిని దలఁచువారు తక్కువ. మరణసమయమున మహాకవి వానిని గూడ మఱవలేదు.

మన శాస్త్రములు మనుష్యుఁడు దేవఋణముతోను, ఋషిఋణముతోను, పితృఋణముతోను జన్మించునని చెప్పినవి. అన్నము పెట్టినవాని ఋణ మింకొకటి. శ్రీనాథుని తుదిదినములలో బాకీలు రెండు కనఁబడుచున్నవి. ఏడునూఱుల టంకముల బాకీని దీర్చు మార్గ మాతనికిఁ గానరాలేదు. పద్యమే ప్రశ్నగా ముగిసినది. రెండవది, తనను బోషించినవారి ఋణము. దానిని మాత్ర మొక్క పద్యముతోఁ దీర్చివేసినాఁడు. ఎట్లనఁగా, మైలారు ప్రభువును, విస్సన్నమంత్రిని నేఁడు సామాన్యజను లెఱుఁగుట కా పద్యమే కారణము. వారు పెట్టిన భోజన మా దినమే జీర్ణమైనది. వారి పేర్లు మాత్ర మాఱువందల యేండ్లకు సమీపించుచున్న కాలము జనుల నోళ్లలో నిలిచినవి. ఇంత వడ్డీతోఁ దీర్చిన బాకీ మఱియొకటి మేమెఱుఁగము.

ఇఁకొక విశేషము. శ్రీనాథుని కృతిభర్తలను, ఆశ్రయదాతలను, స్మృతిపద్యములలోని వారినిఁ గలిపి చూచినచో, రెడ్డిరాజులు, నియోగిమంత్రులు, వైశ్యప్రముఖులు, వెలమదొరలు, కర్ణాటసార్వభౌముఁడు నందు గోచరింతురు. ఎవరి పెట్టుబడి వారిది. కవి లెక్కపుస్తక మొక్కటే. ఉపకారమును వ్రాసికొనునపు డాతఁడు కులమును జూడలేదు. ఇట్టి మహాసభలో నీ మాటను జెప్పుట యుచితమని తలఁచి వ్రాసితిమి.

ఈ చాటువు లా కాలపుఁ గావ్యములలోఁ జేరినవి కావు. తాళపత్రమున వ్రాయించి భద్రపఱచిన రాజులును లేరు. విన్నవాఁడు మఱియొకనికిఁ జెప్పఁగా, తండ్రి కొడుకునకు, గురువు శిష్యునకుఁ జెప్పఁగా నిలిచినవి. అందువలననే పాఠభేదములు గలవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగా రిట్టి పద్యములను సేకరించి చాటుపద్యమణిమంజరిగాఁ బ్రకటింపకున్నచో, శృంగారశ్రీనాథము వ్రాసి కవి జీవితమును శోధింపకున్నచో, ఎన్ని పద్యములు ముసలివారితోఁ గాటికిఁ బోయియుండెడివో చెప్పలేము. 1993లో బాపుగారి దర్శకత్వమున నందమూరి తారకరామారావుగారు శ్రీనాథుని పాత్ర ధరించిన చలనచిత్రము వచ్చినపుడు, పుస్తకము ముట్టనివారు కూడ నీ కథను దెలిసికొనిరి. నోటినుండి యచ్చునకు, అచ్చునుండి తెరకు వచ్చినను, పద్యము పట్టుకొని వచ్చినది మాత్ర మా పేర్లనే.

కావున సభకు విచ్చేసిన పెద్దలకును బిన్నలకును మా మనవి యొకటి. మీ మీ యిండ్లలో ముదుసలు లున్నారు. వారికి మేలుచేసినవా రెవరో, చదువు చెప్పించినవా రెవరో, కఱవున గింజలిచ్చినవా రెవరో, వారు కథగాఁ జెప్పుదురు. కొందఱు పాటగా, పద్యముగాఁ జెప్పుదురు. వినుఁడు, వినినదానిని వ్రాసికొనుఁడు. చిన్న యుపకారమని విడువకుఁడు. మొదట వ్రాయవలసినది దినవెచ్చము గడపినవాని పేరే. అట్టి పేర్లతో మీరు నింపిన పుస్తకములు రాఁబోవు మహాసభలకు వచ్చునుగాక యని కోరుచున్నారము.